కోదాడ టీచరమ్మకు ఇంగ్లీషులో జవాబు

ఒకే ఒక్క వాక్యం రాయబోయి పెళ్లి చెడగొట్టుకున్న మహానుభావుణ్ని చూడాలంటే మీరెక్కడికీ వెళ్లనక్కర్లేదు, నేనే. పగవాడికి కూడా వద్దు ఈ గతి. నవ్వుకుంటే నవ్వుకోండి, నా ప్రాణం మాత్రం ఇప్పటికీ ఉసూరుమంటుంది.

మాది సూర్యాపేట. అప్పుడు మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూకం వేయించే ఉద్యోగం. కోదాడలో పెళ్లిచూపులు. అమ్మాయి స్రవంతి, బళ్లో ఇంగ్లీషు టీచరు. వాళ్లింట్లో అందరూ నా జీతం అడుగుతుంటే ఆమె మాత్రం, "ఆ సిమెంటు దుమ్ము చొక్కాకి వదులుతుందాండి?" అంది.

"వదలదండి" అన్నాను. పకపకా నవ్వింది. అంతే, నా పని అయిపోయింది.

మంగళవారం ఆమె నుంచి మెసేజ్. "మా ఇంట్లో అందరికీ మీరు నచ్చారు. నాక్కూడా. మీ మాట చెబితే నాన్నకి చెబుతాను." శుభ్రమైన తెలుగు. "నాకూ ఇష్టమే" అని కొడితే అయిపోయేది. కానీ ఇంగ్లీషు టీచరుకి తెలుగులో జవాబా? నా పరువేం కావాలి?

"ఐ యాక్సెప్ట్ యు" అని కొట్టి, నా గదిలో ఉండే సైదులుకి చూపించాను.

"గిదేందిరా, పిల్లమీద దయ తలిచినట్టున్నది!"

"అయితే 'ఐ రిసీవ్ యు'?"

"పార్సిల్ వచ్చిందా? సంతకం పెట్టి తీస్కుంటవా?"

"'ఐ వెల్కమ్ యు'?"

"ఊరి మొదట్ల కమాను మీద రాస్తరు గది."

"పోనీ, 'ఐ అడ్మిట్ యు'?"

"దవాఖానల చేర్పిస్తవారా పిల్లను! జర సోచాయించి రాయి. టీచరమ్మ, ఎర్రపెన్ను చేతిలనే ఉంటది."

ఆ ఎర్రపెన్ను నన్ను చంపేసింది. కొట్టడం, చెరపడం. తిండి లేదు, నిద్ర లేదు. తూకం దగ్గర లారీలు హారన్లు మోగిస్తుంటే నేను ఫోన్లో తల దూర్చి కూర్చున్నాను. ఈలోగా అమ్మ ఫోను.

"ఏందిరా, ఆ పిల్లకు చెప్పినవా లేదా?"

"చెప్తున్ననే, జర ఆగు!"

పై వారం శుక్రవారానికి పండింది నా తపస్సు. "ఐ యామ్ హ్యాపీ టు యాక్సెప్ట్ యు ఇంటు మై లైఫ్." పంపించాను. వెంటనే ఆమె ఫోన్ చేసింది.

"మెసేజ్ చూశానండి."

"తప్పులున్నాయాండి?"

"ఒక్కటీ లేదండి."

గాల్లో తేలిపోయాను.

"కానీ నిన్న మిర్యాలగూడ సంబంధం ఖాయం చేశారండి. మీ నుంచి ఉలుకూ పలుకూ లేకపోయేసరికి ఇష్టం లేదనుకున్నారు నాన్న. వద్దని మొహమ్మీద ఎవరంటారండి? ఊరుకుంటారు, అంతే."

నిజమే. మా వైపు సంబంధం వద్దనుకుంటే ఎవరూ నోరు తెరవరు, అదే మర్యాద. అంటే నేను ఇష్టమని చెప్పే మాట వెతుక్కుంటూ, అన్ని రోజులూ మహా మర్యాదగా వద్దంటూనే ఉన్నానన్నమాట!

"మంచి మాట కోసం చూశానండి" అన్నాను.

"నేనూ చూశానండి, మీ జవాబు కోసం" అంది మెల్లగా. అది విన్నాక ఏడుపే తక్కువ.

ఉండబట్టలేక అడిగాను. "ఆ మిర్యాలగూడ ఆయన ఏం రాశాడండి?"

"ఏమీ రాయలేదండి. నాన్న మెసేజ్ పెట్టగానే బొటనవేలి బొమ్మ పెట్టారు."

బొటనవేలు! ఒక్క బొటనవేలితో నా సంసారం ఎత్తుకుపోయాడండీ!

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ అమ్మాయైనా నన్ను ఇష్టమేనా అని అడిగితే ముందు బొటనవేలు, తర్వాతే భాష. ఈ ప్రమాణాన్ని ఇప్పటిదాకా తప్పలేదు. మళ్లీ ఎవరూ అడగలేదు మరి.