తిత్తి పట్టిన చేయి

భార్య ఊపిరితిత్తులు చెడిపోయాయని డాక్టరు చెప్పినప్పుడు కమ్మరి వీరస్వామికి ఆ మాటలో తిత్తి ఒక్కటే వినబడింది. చిరిగిన కొలిమితిత్తికి తోలు అతికించడం ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పనే. మనిషి లోపలి తిత్తికి అతుకు వేయడం ఎవరి తరం?

జఫర్‌గఢ్‌లో ఆయన కొలిమి. భార్య అండాలు తిత్తి గుంజుతుంటే ఆయన కొడవళ్లు సాగగొట్టేవాడు. "జర దమ్ తీస్కుంటనయ్యా" అని ఆమె అడిగితే గయ్యిమనేవాడు. నిప్పు చల్లారితే ఇనుము మాట వినదట. ఆమె ఊపిరి సంగతి ఎవరికి పట్టింది? ఆ పొగంతా మింగి మింగి అండాలు ఇప్పుడు జనగామలో ఓ చిన్న ప్రైవేటు దవాఖానలో, గొంతులో గొట్టంతో పడి ఉంది. ఊపిరి ఆడించేది మిషనే.

మధ్యాహ్నం ఆ మిషన్ కూతలు పెట్టి ఆగిపోయింది. నర్సు స్వరూప పరుగున వచ్చి, గొట్టానికి రబ్బరు సంచి తగిలించి చేత్తో నొక్కసాగింది. వేరే మిషన్ వరంగల్ నుంచి రావాలన్నారు. ఇంతలో పక్క మంచం మనిషికి ప్రాణం మీదికి వచ్చింది. స్వరూప ఆ సంచిని వీరస్వామి చేతిలో పెట్టి, నొక్కి వదలమని చూపించి అటు వెళ్లింది.

అప్పుడు ఆయన చేసిన పొరపాటు కమ్మరివాడే చేయగలడు. అండాలు మొహం వాడినట్టు అనిపించగానే, నిప్పు చల్లారుతోందన్నట్టు బలంగా, గబగబా నొక్కాడు. ఆమె ఛాతీ ఎగిసిపడింది.

"బాపూ, అది కొలిమి గాదు," అంది స్వరూప అక్కడి నుంచే. "మెల్లగ నొక్కు. ఇడిచి మల్ల నిండనియ్యి."

మెల్లగా నొక్కాడు. వదిలాడు. మళ్లీ నొక్కాడు. వేళ్లు తిమ్మిరెక్కాయి. కంట్లోకి జారే చెమట తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. లేవడానికి లేదు, ఆపడానికి లేదు, పిలిస్తే వచ్చే తీరిక ఎవరికీ లేదు. కొలిమి దగ్గర అండాలు ఇన్నేళ్లూ ఎట్లా కూర్చుందో ఆ మహానుభావుడికి అప్పుడు తెలిసొచ్చింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నొక్కాడు.

పొద్దు వాలాక మిషన్ వచ్చింది. దాన్ని తగిలించి, ఆడుతోందని చూసుకుని, ఇక వదిలి జర దమ్ తీసుకోమంది స్వరూప. ఆయన వేళ్లు విచ్చుకోలేదు. ఆమే ఒక్కొక్కటీ విప్పింది.

కాసేపటికి అండాలు కళ్లు తెరిచింది. గొట్టం వల్ల మాట రాదు. ఆయన చేతులనే చూస్తోంది. వీరస్వామికి మిషన్ మీద నమ్మకం పోయింది; సంచిని మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు.

"నువ్వు దమ్ తీస్కో అండాలు," అన్నాడు. "తిత్తి నేను గుంజుత."