రైటక్క తిరిగిన దారి

డిపోలో అందరూ ఆమెను రైటక్క అనేవారు. సిటీ బస్సులో కండక్టరుగా ఉన్న రోజుల్లో ఆమె "రైట్ రైట్" అని ఒక్క కేక వేస్తే ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళు కూడా లోపలికి సర్దుకునేవారట. వయసులో సగం ఆ మహానగరపు బస్సుల్లోనే నిలబడి గడిపింది. చివరికి మోకాళ్ళు మొరాయిస్తే చిన్న ఊరి బస్టాండుకి బదిలీ చేసి, విచారణ కిటికీ వెనక కూర్చోబెట్టారు. పెళ్ళి మాట ఎత్తితే, "డ్యూటీ హడావుడిలో గుర్తు రాలేదమ్మా" అని నవ్వేసేది.

ఆ చలికాలం ఆమెకు నాలుగు రోజుల సెలవు దొరికింది. నగరంలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది.

"రా అక్కా, అడగాలా?" అన్నాడు.

తీరా ఆమె బస్సు దిగేసరికి మళ్ళీ అతని ఫోన్.

"ఏమనుకోకు అక్కా. నీ మరదలి పుట్టింటివాళ్ళంతా కొండల మీదికి ప్రయాణం పెట్టారు. కాదనలేకపోయాను. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది. ఇల్లు నీదే అనుకో."

"సర్లేరా, నేనేమైనా పరాయిదాన్నా? పిల్లలకి చెవులు కప్పండి, చలి" అంది.

ఇల్లు ఎనిమిదో అంతస్తులో ఉంది. వంటింట్లో నల్లటి గాజు పొయ్యి. తిప్పడానికి మర ఒక్కటీ లేదు. ఎక్కడ నొక్కినా కీచుమందే తప్ప వెలగలేదు. టీ మీద ఆశ వదులుకుని, బిస్కట్లు తిని, శాలువా కప్పుకుని కిటికీ దగ్గర కూర్చుంది. కింద బస్సులు పోతున్నాయి. వాటి రంగు మారిపోయింది.

మర్నాడు పొద్దున్నే ముస్తాబై, పాత రూటు బస్సే చూసుకుని ఎక్కింది. అందులో కండక్టరు లేడు. తలుపు దగ్గర కార్డు ఆనించే పెట్టె ఉంది. ఆమె తెల్లమొహం వేస్తే వెనకున్న కాలేజీ అమ్మాయి, "నాది ఆనిస్తాలెండి ఆంటీ" అని ఆదుకుంది.

రెండు స్టాపుల తర్వాత ఒక పెద్దావిడ మెట్టు తడుముకుంటూ ఎక్కింది.

"ఇది కంటాసుపత్రికి పోతుందా?"

డ్రైవరు నోరు తెరిచేలోపే రైటక్క గొంతు లేచింది. "పోతుందమ్మా, ఎక్కండి! నేను దింపుతాగా."

పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకుంది. దారిలో వచ్చే స్టాపులన్నీ ముందే చెప్పసాగింది. మొదట్లో సరిపోయాయి. తర్వాత బస్సు వంతెనెక్కి ఎటో తిరిగింది. ఆమె చెప్పే పేర్లు ఒక్కొక్కటే తగ్గి, నోట మాట ఆగిపోయింది. చివరి స్టాపులో డ్రైవరు వెనక్కి తిరిగి, "ఆసుపత్రి ఎప్పుడో ఊరి అవతలికి మారిందమ్మా. నన్ను చెప్పనిస్తేగా" అన్నాడు.

రైటక్క మొహం చిన్నబోయింది. "నావల్లే మీకిన్ని తిప్పలు. నోరు ఊరుకోదు, ఏం చేయను!"

"పోనీలే అమ్మాయ్," అంది పెద్దావిడ. "ఇంట్లో నాతో ఇంతసేపు మాట్లాడేవాళ్ళెవరు? వాళ్ళకి తీరదు. ఆ ఎండలో కాసేపు కూచుందాం."

బెంచీ మీద కూర్చుని పెద్దావిడ సంచిలోని కమలాపండు చెరిసగం తిన్నారు. ఆ తర్వాత టాక్సీ మాట్లాడుకుని ఆసుపత్రికి వెళ్ళారు. కళ్ళలో చుక్కలు వేయబోతూ నర్సు అడిగింది.

"కాసేపు చూపు ఆనదు. తోడెవరైనా వచ్చారా? ఈవిడ మీకేమవుతారు?"

"మా చెల్లెలు" అంది పెద్దావిడ, తడుముకోకుండా.

రైటక్క తల తిప్పి గోడకేసి చూసింది. అక్కా అని పిలిచేవాళ్ళే గాని, తనను చెల్లెలన్నవాళ్ళు పుట్టాక ఎవరూ లేరు.

రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయన్నారు డాక్టరు. వచ్చే నెల ఆపరేషను. సాయంత్రానికి పెద్దావిడను చెయ్యి పట్టుకుని ఇంటికి చేర్చింది. తలుపు తీసిన కోడలు చెవి దగ్గర ఫోనుతోనే, "అయ్యో, థాంక్సండీ" అని అత్తగారిని లోపలికి తీసుకుని తలుపు వేసింది. మెట్లు దిగాక గాని రైటక్కకు తట్టలేదు, పెద్దావిడ ఫోన్ నంబరైనా అడగలేదని.

రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "ఊరంతా తిరిగావా అక్కా? నీకు కొట్టిన పిండేగా!"

"తిరిగాన్రా" అంది.

మూడో రోజు ఎటూ తోచక మళ్ళీ ఆ వీధికే వెళ్ళింది. పెద్దావిడ మేడ మీద వరండాలో ఎండకు కూర్చుని వీధిలోకే చూస్తోంది. రైటక్క చెయ్యి ఊపింది. ఆ చూపు ఆమె మీదుగా అలాగే జారి, ఎదురింటి గోడ దాకా పోయి ఆగింది. ఒక్క కేక వేస్తే చాలు, వీధి చివరిదాకా వినపడే గొంతు ఆమెది. కాని ఏమని పిలవాలి? అమ్మా అనా, అక్కా అనా? లోపల్నుంచి కోడలొచ్చి, ఎవరు మీరంటే ఏం చెప్పాలి? గేటు దగ్గర కాసేపు తచ్చాడి వచ్చేసింది.

మధ్యాహ్నానికి సంచి సర్దుకుని తాళంచెవి వాచ్‌మన్ చేతిలో పెట్టింది.

"సార్ వాళ్ళు రేపు వచ్చేస్తారు కదమ్మా. ఉండకూడదూ?"

"సెలవు అయిపోయింది నాయనా" అంది. ఇంకా ఒక రోజు మిగిలే ఉంది.