ఎడమకాలు ముందు

మా అంగడిలో పురికొస ఉండలు పెట్టే అర వెనకాల ఒక జత కోలలున్నాయి. అవి మా అత్తవి. ఆమె పోయి రెండేళ్ళు దాటింది. అరలు దులిపినప్పుడల్లా మా ఆయన వాటిని తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ అక్కడే పెడతాడు. ఎందుకని నేనడగను, ఆయనా చెప్పడు.

సాయంత్రం నాలుగైతే చాలు, మా వీధి చివర సత్రంలోనుంచి కోలాటం చప్పుడు వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళయితే చప్పుడు వింటేనే తెలిసిపోతుంది. అన్ని కోలలూ ఒక్కసారి పడాల్సింది పోయి, వడగళ్ళు రాలినట్టు ఒకటి తర్వాత ఒకటి పడతాయి. ఆత్మకూరు బజారులో బస్సుల హారన్ల మధ్య కూడా ఆ తప్పుడు చప్పుడు నాకు వినిపిస్తుంది. గల్లాపెట్టె దగ్గర కూర్చునే నవ్వుకుంటాను. మేమూ అట్లాగే మొదలుపెట్టాం.

ముందు నా కాలి సంగతి చెప్పాలి. మా పుట్టినూరు దుత్తలూరు పక్కన పల్లె. పెళ్ళయి అత్తగారింటికి వచ్చిన రోజు వ్యాను దిగుతుంటే కుడికాలి బొటనవేలు మెట్టుకి కొట్టుకుని గోరు లేచిపోయింది. ప్రాణం జివ్వుమంది. కొత్త పెళ్ళికూతురి కాలికి నెత్తురు చూస్తే ఎంత అపశకునం అంటారోనని చీర అంచు కిందికి లాక్కుని నడిచాను. గడప మీద బియ్యం చెంబు పెట్టి ఉంది. అందరూ "కుడికాలు, కుడికాలు" అంటున్నారు. ఆ వేలితో చెంబును తన్నితే నేను అక్కడే కూలబడేదాన్ని. ఎడమకాలితో తన్ని, ఎడమకాలే లోపల పెట్టాను. గుమ్మంలో ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. హారతిపళ్ళెం పట్టుకున్న మా అత్త మొహం నాకిప్పటికీ గుర్తుంది.

అంగళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో కుడికాలు అంటే మాటలు కాదు. పొద్దున షట్టరు ఎత్తి లోపలికి పోయేది కుడికాలే. కొత్త సరుకు మూట మీద చెయ్యి వేసేముందు కుడికాలు ముందుకు జరపాల్సిందే. అట్లాంటి ఇంటికి నేను ఎడమకాలు పెట్టి వచ్చాను. ఇక చూడండి. గ్రైండరు కాలిపోతే "ఎడమకాలు పెట్టి వచ్చింది గదా" అనేది అత్త. పాలు విరిగినా అదే. వాన వచ్చి చింతపండు తడిసినా అదే. బయటివాళ్ళ ముందు ఏనాడూ అనలేదు, ఆ మర్యాద మాత్రం ఉండేది. పెళ్ళయి అయిదేళ్ళు నాకు బిడ్డ నిలవలేదు. అప్పుడు కూడా వంటింట్లో, నాకు వినపడేట్టు, పొయ్యితో చెప్పినట్టు ఆ మాటే అంది. దానికి మాత్రం నేను ఆమెను క్షమించలేదు. తర్వాత కూతురు పుట్టింది, పెద్దదయింది, కాలేజీకి పోయింది. ఆ మాట మాత్రం ఇంట్లోంచి పోలేదు. ఒక్కసారైనా ఆమె దాన్ని వెనక్కి తీసుకోవాలని ఇరవై రెండేళ్ళు కాచుకుని ఉన్నాను. గోరు సంగతి చెప్పేస్తే పోయేది కదా అంటారు. చెప్పలేదు. నాకూ పొగరు తక్కువేం కాదు.

సత్రంలో ఆడవాళ్ళకి కోలాటం నేర్పుతారని తెలిసిన రోజు అందరికంటే ముందు పేరు ఇచ్చింది మా అత్తే. అరవై మూడేళ్ళు. మోకాళ్ళకి డాక్టరు నడవమన్నాడని ఒక సాకు. అసలు సంగతి వేరే ఉంది. ఆమె పుట్టిల్లు ఉదయగిరి. అక్కడ తిరునాళ్ళకి స్వామి ఊరేగింపు ముందు కోలాటం ఆడేవాళ్ళంట, అప్పట్లో అందరూ మగవాళ్ళే. ఈమె అరుగు మీద కూర్చుని, పావడా కింద కాళ్ళు కదిలిస్తూ చూసేదంట. అరుగు దిగితే వాళ్ళ నాయన ఊరుకునేవాడు కాదు. ఇప్పుడు ఆడవాళ్ళ జట్లే స్వామి ముందు ఆడుతున్నాయి. ఒక్కసారైనా ఆ వీధిలో ఆడాలని ఆమెకు కోరిక.

"నువ్వు తోడు రావే. ఒకదాన్నే ఎట్టా పోయేది, నవ్వుతారు" అంది.

"ఇద్దరం పోతే నవ్వరా?" అన్నాను.

"ఇద్దరం పోతే నిన్ను చూసి నవ్వుతారులే" అంది.

నేర్పే మాస్టరు ఉదయగిరి అవతల చెరువు కిందుండే చిన్న పల్లెవాడు. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. పొద్దున చెరువులో చేపలు పట్టి, మధ్యాహ్నం బస్సెక్కి మా ఊరొచ్చేవాడు. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్ళ దగ్గర మా పద్నాలుగు మందికీ కోలలు చేయించి తెచ్చాడు. నున్నగా, పట్టుకుంటే చేతికి ఇంపుగా ఉన్నాయి. తెచ్చినవాడు మా చేతికి ఇస్తాడా? ఇవ్వలేదు. మూట కట్టి గోడకు తగిలించాడు.

"ముందు కాళ్ళు రానీండి. చేతులు వాటంతట అవే వస్తాయి" అన్నాడు.

మొదటి పాఠం నాలుగు అడుగులే. ఎడమకాలు ముందుకు, కుడికాలు దాని పక్కకి, మళ్ళీ ఎడమకాలు, తర్వాత కుడి మడమతో నేల మీద ఒక తట్టు. ఏడుగురు ఒక వరస, ఏడుగురు ఎదురు వరస. చంటిపిల్లకైనా వస్తుంది. మాస్టరు తాళం వేసి "ఎడమ" అన్నాడు. పదమూడు కుడికాళ్ళు ఠంచనుగా ముందుకు పడ్డాయి.

ఆయన మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అదే. మేమంతా అంగళ్ళ వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళం. ఊహ తెలిసినప్పటినుంచీ ఏ పని మొదలుపెట్టినా కుడికాలే. బుర్ర ఎడమ అంటుంది, కాలు వినదు. ఒకామె అయితే ముందుకొచ్చి నిలదీసింది: "దేవుడి పాటకి ఎడమకాలు ముందు పెట్టేది ఏంది మాస్టరూ? కుడికి మార్చండి."

మాస్టరు కోప్పడలేదు. భుజం మీద తువ్వాలు తీసి వలలాగా కుచ్చెళ్ళు పోగేసి పట్టుకున్నాడు. "చూడండి తల్లీ. నేను కుడిచేత్తో వల విసురుతా. ఏ కాలు ముందుండాది? ఎడమ. కుడికాలు ముందు పెట్టి విసిరినాననుకో, వలతోపాటు నేనూ చెరువులో ఉంటా. కోల కొట్టేది కుడిచేత్తో. గడప దాటేదానికి కుడికాలు పెట్టుకోండి, నేనేం వొద్దనలా. ఆటకి మాత్రం ఎడమే." తువ్వాలు విసిరి చూపించాడు. అది పోయి నిలదీసినామె నెత్తిమీద పడింది. అందరం నవ్వాం.

ఆ పద్నాలుగు మందిలో సరిగ్గా ఎడమకాలు పెట్టింది నేనొక్కదాన్నే. నాకేదో విద్య వచ్చని కాదు. ఇరవై రెండేళ్ళు ఆ కాలి గురించే విన్నదాన్ని, నా ఎడమకాలు ఎక్కడుందో నాకు తెలియకుండా ఎట్లా ఉంటుంది! "ఆ పాప కాలు చూడండి, ఆ పాప కాలు చూసి పెట్టండి" అన్నాడు మాస్టరు. పక్కనే ఉన్న మా అత్త చూడలేదు. గోడకున్న కోలల మూట వైపు చూస్తూ నిలబడింది. నా కడుపు చల్లబడిందని చెప్తే మీరు తప్పుగా అనుకుంటారేమో. అనుకోండి. చల్లబడింది.

వారం తిరిగేసరికి ఒక్కొక్కరికీ కాలు దారికి వచ్చింది, మాస్టరు మూట విప్పి కోలలు చేతికిచ్చాడు. మా అత్తకి రాలేదు. నాలుగో అడుగు దాకా పోయేది, తిరిగి మొదటికి రాగానే కుడికాలు. ఆమెకి ఎదురుగా నిలబడ్డామె రెండుసార్లు వేళ్ళు నలగ్గొట్టించుకుని, ఇక ఆ చోటు వద్దంది. నేల నున్నగా లేదనీ, తాళం సరిగ్గా వినపడటం లేదనీ మా అత్త వంకలు పెట్టింది. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. మాస్టరు అన్నీ విని, మెల్లిగానే చెప్పాడు: "తిరునాళ్ళకి ఇంక మూడు వారాలుండాది తల్లీ. అప్పటికి కాలు కుదరనోళ్ళు వరసలో వొద్దు. పక్కన నడస్తా మంచినీళ్ళు అందియ్యండి. అదీ స్వామి సేవే."

ఆ రోజు ఇంటికి వచ్చేదాకా ఆమె నాకంటే పది అడుగులు ముందే నడిచింది. పుట్టినూళ్ళో, అదే వీధిలో, నీళ్ళ చెంబు పట్టుకుని పక్కన నడవడం. మళ్ళీ అరుగు మీద కూర్చోబెట్టినట్టే కదా. నాకు తెలిసింది. తెలిసినా జాలి రానివ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం అంగడి వెనక గదిలో మూటల మధ్య ఏదో చప్పుడైతే పోయి చూశాను. మా అత్త కిటికీ ఊచ పట్టుకుని అడుగులు వేస్తోంది. ఏది ఎడమో గుర్తుండటానికి ఎడమ చీలమండకి పురికొస కట్టుకుంది, బెల్లం పొట్లానికి కట్టినట్టు ముడి వేసి. నన్ను చూసి ఆగిపోయింది. ఆయాసపడుతోంది.

"చూసింది చాల్లే. వచ్చి నేర్పు" అంది.

"ఎడమకాలు పెట్టేదాంట్లో నాకు అనుభవం ఉండాది గదా అత్తా" అన్నాను. నోరు ఊరుకోలేదు.

ఆమె ఊచ వదిలి, నాకు చోటిచ్చి జరిగింది. పోయి పక్కన నిలబడ్డాను. ఆ రోజునుంచి రోజూ అన్నాలయ్యాక ఆ గదిలో మా ఇద్దరి నడక. చెయ్యి పట్టుకుని, ఎండుమిరపకాయల ఘాటుకి తుమ్ముకుంటూ, గోడ దాకా పోవడం, తిరిగి రావడం. ఆమె అరచెయ్యి గరుకుగా, వెచ్చగా ఉండేది. అన్నేళ్ళు ఒక ఇంట్లో ఉండి నేను ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. మా ఆయన సరుకు కోసం వచ్చి, మమ్మల్ని చూసి, సరుకు తీసుకోకుండానే వెనక్కి పోయాడు.

ఒకరోజు ఆమె నా కాళ్ళ వైపే చూస్తూ అడుగు వేస్తోంది. ఉన్నట్టుండి ఆగింది.

"నీ కుడి బొటనవేలి గోరు ఏందే ఇట్టా వంకరగా ఉండాది?"

అప్పుడు చెప్పేశాను. వ్యాను మెట్టు, లేచిపోయిన గోరు, చీర అంచు కింద దాచిన నెత్తురు. పోట్లాడదామనే మొదలుపెట్టాను గానీ, చివరికొచ్చేసరికి మెల్లిగా చెప్తున్నాను. ఆమె ఒక మూట మీద కూర్చుని, వంగి, ఆ గోరును వేలితో తాకి చూసింది.

"అప్పుడే చెప్పి ఉండొచ్చు గదే" అంది.

"నువ్వు అడిగినావా?" అన్నాను.

ఆమె లేచి ముందుగదిలోకి పోయింది. ఆ పూట ఇక అడుగులు వెయ్యలేదు. వెనక్కి తీసుకుంటుందనుకున్న మాట రాలేదు. రాత్రి నా విస్తట్లో మాత్రం నెయ్యి రెండుసార్లు పడింది.

మూడు వారాలు అయిపోయాయి. మాస్టరు ఒకటికి నాలుగుసార్లు ఆడించి చూసి, ఆమె కాలి పురికొస వైపు చూసి, నవ్వాపుకుని, "సరే, వరసలో నిలబడండి తల్లీ" అన్నాడు. తిరునాళ్ళ రోజు అందరం ఆకుపచ్చ చీరలు కట్టుకుని వ్యానులో ఉదయగిరి పోయాం. కొండ కనపడగానే మా అత్త చిన్నపిల్లలాగా కిటికీకి అతుక్కుపోయింది. అక్కడ దిగాక మాస్టరు అందరి కాళ్ళకీ గజ్జెలు కట్టించాడు. గజ్జెల పట్టీకి అడ్డమొస్తోందని, కట్టేవాడు మా అత్త కాలి పురికొసను కత్తెరతో తుంచి పారేశాడు. ఆమె జనాన్ని చూస్తూ ఉండి అది గమనించలేదు.

స్వామి పల్లకీ లేచింది. సాయంత్రపు ఎండ వీధి పొడుగునా పడుతోంది. రెండు వరసలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. మాస్టరు తాళం పైకెత్తాడు. పక్కనున్న మా అత్త తల వంచి కాళ్ళు చూసుకుంది. రెండు కాళ్ళకీ ఒకే రకం గజ్జెలు. పురికొస లేదు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. నా వైపు తిరిగింది.

"ఏమే, ఏది ఏదో తెలీడంలా. నువ్వు ముందు పెట్టు. నీ కాలు చూసి పెడతా."

నేను తల ఊపాను. ఆమె కళ్ళు నా పాదాల మీదే ఉన్నాయి.

"ఆ రోజు మనింట్లో పెట్టినట్టే పెట్టు తల్లీ" అంది.

తాళం పడింది. ఎడమకాలు పెట్టాను.