మగదాన్ని తీసుకురండి

ఆ పశువుల డాక్టరుగారికి ఉన్నది ఒకటే పిచ్చి. చూలు నిలవడం లేదని ఎవరు ఆడకుక్కను తెచ్చినా, దాని మొహమైనా చూడకముందే, "మగదాన్ని తీసుకురండి" అంటారు.

"రోగం దీనికైతే అదెందుకండీ?"

"కాపురం ఇదొక్కతే చేసిందా?"

పదకొండేళ్లుగా ఈ పాట విని నర్సుకు చెవులు చిల్లులు పడ్డాయి. వీర్యం నమూనా తీసేటప్పుడు మగకుక్కల చేత కరిపించుకునేది ఆవిడే మరి. ఒకరోజు విసిగిపోయి, "ఒక్కసారన్నా ఆడదాన్ని ముందు చూడకూడదా, డాక్టరుగారూ?" అంది.

"దాన్ని లోకమంతా ముందే చూసేసిందమ్మా" అన్నారాయన.

మొండిమనిషి అనుకుని చేతికి కట్టు కట్టుకుంది నర్సు.

ఓ కలప డిపో యజమాని భార్యతో సహా వచ్చాడు. కుక్క ఆమె కాళ్ల దగ్గర ముడుచుకుంది.

"మూడుసార్లు జత కట్టించాను. గొడ్డుది. వదిలించుకుని వేరేది తెచ్చుకుంటా" అని, భార్య వైపు చూపు విసిరి, "మా ఇంట్లో ఇలాంటివి రెండున్నాయి లెండి" అని నవ్వాడు.

ఆమె నేలకేసి చూస్తూ కుక్క చెవి నిమిరింది. నర్సుకు ఒళ్లు మండింది.

"మగదాన్ని తీసుకురండి" అన్నారు డాక్టరుగారు.

"అది పులండీ!"

"పులినే తీసుకురండి."

పులి వచ్చింది, నర్సును కరిచింది, నమూనా ఇచ్చింది. వారం తర్వాత మళ్లీ వచ్చింది, మళ్లీ కరిచింది. ఈలోగా ఆడదానికి రక్తపరీక్ష, స్కానింగు అయ్యాయి. జత కట్టించిన రోజులు సరైనవే, గర్భసంచీ బాగానే ఉంది.

డాక్టరుగారు యజమానిని మైక్రోస్కోపు దగ్గరికి పిలిచారు.

అతను కన్ను చికిలించి, "ఏమీ కనబడట్లేదే?" అన్నాడు.

"అదేనండీ రిపోర్టు. రెండుసార్లూ అంతే."

భార్య మెల్లగా అడిగింది. "మనుషులక్కూడా ఈ పరీక్ష ఉంటుందాండీ?"

"ఉంటుందమ్మా. మా బావకు ఎవరూ చేయించలేదు. మా అక్కను గొడ్రాలని పంపేసి ఇంకో పెళ్లి చేసుకున్నాడు. అక్కడా పిల్లల్లేరు. అయినా పోయేదాకా అక్కకు ఆ పేరు పోలేదు."

నర్సు తన చేతి కట్టు వంక చూసుకుంది. మొదటిసారి అది నొప్పిగా అనిపించలేదు.

"నేనూ చూడొచ్చా?" అంటూ ఆ ఇల్లాలు మైక్రోస్కోపు మీదికి వంగింది. ఎంతకీ లేవలేదు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని నర్సు దూది పట్టుకుని పరిగెత్తింది.

ఆమె నవ్వుతోంది.

"పోదాం పద" అని గొణిగాడు మొగుడు.

"ఉండండి. ఇంకా చూడలేదు" అంది ఆమె, కన్ను తీయకుండానే.