కత్తెర పెట్టేముందు

పుణేలో నేను పనిచేసే కార్ల డిజైన్ స్టూడియోలో సీట్ల నమూనాలు తయారుచేసే గది వేరుగా ఉంటుంది. ఆ గది తలుపు తీయగానే ఫోమ్‌కి రెక్సిన్ అంటించే బంక వాసన ముక్కు లోపలిదాకా వెళ్తుంది. కొత్తగా చేరినవాళ్లు మొహం చిట్లించి కిటికీలు తెరుస్తారు. నేను మాత్రం గుమ్మంలోనే ఒక్క క్షణం నిలబడిపోతాను. ఒడిశా రాయగడలో మా నాన్న చింతపండు, ఎండుమిరపకాయల హోల్‌సేల్ దుకాణానికి నాలుగు అడుగుల దూరంలో, రేకుల షెడ్డు కింద జీపులకు సీట్లు కుట్టిన పైడమ్మ పిన్ని గుర్తొస్తుంది.

పిన్ని మాకు చుట్టం కాదు. వీధిలో పిల్లలందరం అలాగే పిలిచేవాళ్లం. పార్వతీపురం దగ్గర పల్లె నుంచి పెళ్లయి రాయగడ వచ్చింది. భర్త సీటు కవర్లు కుడుతుంటే పక్కన కూర్చుని ముక్కలు కత్తిరించి ఇచ్చేదట. ఆయన పోయాక నెల తిరక్కుండా మిషన్ ముందు తనే కూర్చుంది. ఆడమనిషి కుట్టిన సీటు ఎన్నాళ్లుంటుందని మొదట్లో డ్రైవర్లు నవ్వుకున్నారట. నాకు ఊహ తెలిసేసరికి ఆ డ్రైవర్లే ఒడియాలో పిన్నీ అన్నట్టు "మౌసీ, మౌసీ" అంటూ షెడ్డు ముందు జీపులు వరుసగా నిలిపేవారు. ఆమె పొట్టిగా, గట్టిగా ఉండేది. పని చేసేటప్పుడు నవ్వేది కాదు. అంతకంటే ముఖ్యం, బండి నడిపేవాణ్ణి అన్నీ అడగనిదే కత్తెర పెట్టేది కాదు.

నేను పదో తరగతిలో ఉండగా నాకు కార్ల బొమ్మల పిచ్చి పట్టుకుంది. నేలకు అంటుకుపోయినట్టుండే కార్లు, కత్తిలాంటి ముక్కు ఉన్న కార్లు నోటుపుస్తకాల వెనక గీసేదాన్ని. చూసినవాళ్లంతా మెచ్చుకునేవాళ్లు. ఇంకొకరు మెచ్చుకుంటే వినాలని ఒకరోజు పుస్తకం పట్టుకుని పిన్ని దగ్గరికి వెళ్లాను. ఆమె కళ్లజోడు పైకి తోసుకుని పేజీలు నిదానంగా తిప్పింది.

"బాగున్నాయి. ఇందులో ఎవులు కూకుంటారమ్మీ?"

"ఎవరైనా కూకుంటారు పిన్నీ."

"ఎవులైనా అంటే ఎవులూ కాదు. మీ నానమ్మ ఇందులోకి ఎక్కగల్దా? ఎక్కితే దిగగల్దా?"

నాకు కోపం వచ్చింది. నానమ్మ కోసం కారు ఎవరు గీస్తారు? అదే మాట అనబోతుంటే కకిరిగుమ్మ, రాయగడ మధ్య జనాన్ని తిప్పే జీపు వచ్చి ఆగింది. డ్రైవర్ నడుం పట్టుకుని దిగి, సీటు మొత్తం మార్చెయ్యమన్నాడు. పిన్ని మిషన్ దగ్గరనుంచి లేచి అతన్ని మళ్లీ జీపెక్కించింది. ఎప్పుడూ ఎలా కూర్చుంటావో అలాగే కూర్చోమంది. నొప్పి ఏ పక్క, పొద్దున్నే మొదలవుతుందా, ఘాట్ దిగేటప్పుడా, సాదా రోడ్డు మీద కూడానా అని ఒడియాలో ఒక్కొక్కటే అడిగింది. అతను జవాబులు చెబుతూ తెలియకుండానే కుడివైపు వాలిపోయాడు. పిన్ని నావైపు తిరిగి కళ్లతో చూపించింది. తలుపు గడియ సరిగా పడక, మలుపుల్లో అది తెరుచుకోకుండా అతను మోచేత్తో అదిమిపట్టి నడుపుతున్నాడు.

"సీటు తప్పు కాదు. ముందు గడియ బాగు సేయించుకో. అప్పటికీ నొప్పుంటే రా," అని పంపేసింది. ఆ రోజు ఆమెకు వచ్చిన పని అలా వెళ్లిపోయింది. మర్నాటి నుంచి నా బొమ్మల్లో మనుషులు కూర్చోవడం మొదలైంది. మొదట్లో వాళ్ల తలలు పైకప్పుకు తగిలేవి. మోకాళ్లు పట్టేవి కావు. అందంగా గీసిన కారును మనుషుల కోసం మళ్లీ మళ్లీ చెరపాల్సి వచ్చేది.

ప్లస్ టూ అయ్యాక ఏం చదవాలన్న ప్రశ్నే మా ఇంట్లో రాలేదు. కార్లంటే ఇష్టం కాబట్టి మెకానికల్ ఇంజినీరింగ్. నాన్నకీ అదే తెలుసు, నాకూ అదే తెలుసు. కోరాపుట్‌లో కాలేజీలో చేరాను. అక్కడ బోల్టులు, గేర్లు, వాటిని అడ్డంగా కోస్తే కనిపించే లోపలి బొమ్మలు గీయించారు. ఆవిరి గురించీ ఉక్కు గురించీ చెప్పారు. చెడ్డ చదువేం కాదది. కానీ కారు రూపం ఎవరు నిర్ణయిస్తారన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. మూడో ఏడాదిలో హాస్టల్ స్నేహితురాలు ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. కార్ల డిజైనర్ ఒకతను, ప్లస్ టూ కాగానే డిజైన్ కాలేజీ ప్రవేశ పరీక్ష రాసి చేరానని చెబుతున్నాడు. దారి అక్కడే చీలిందన్నమాట, నేను చూసుకోకుండా రెండో వైపు వచ్చేశాను.

గురువారం క్లాసులు ఎగ్గొట్టి రాయగడ రైలెక్కాను. ఆ లైను మీద సొరంగాలు ఎక్కువ. వెలుతురున్నంతసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, సొరంగం వచ్చినప్పుడల్లా ఏడ్చాను. ఇంట్లో తలనొప్పి అని చెప్పాను. మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్లి పిన్నికి అంతా చెప్పేశాను. మూడేళ్లు వృథా అయిపోయాయన్నాను.

ఆమె మిషన్ ఆపింది. "ఇంక అవదని నీకెవులు సెప్పేరు?"

"ఎవరూ సెప్పనేదు. ప్లస్ టూ తరవాతే చేరాలంట."

"ఆడెవుడో ఆడి దారి సెప్పుకున్నాడు. నీ సంగతి నువ్వు అడిగేవా?"

"ఎవర్ని అడగను?"

"ఆ కాలేజీకి ఫోను నేదేటి?"

ఉంది. వాళ్ల వెబ్‌సైటు అడుగునే నంబరు ఉంది. అప్పటికప్పుడే నొక్కాను. ఎత్తిన ఆవిడ హిందీలో, తీరిగ్గా, ఇలాంటివి రోజూ వినేదానిలా మాట్లాడింది. ఇంజినీరింగ్ పూర్తిచేసినవాళ్లకు వాహనాల డిజైన్‌లో పీజీ ఉందట. ఏ బ్రాంచి అయినా పరవాలేదట. ప్రవేశ పరీక్షలో బొమ్మలు గీయడం, చుట్టూ ఉన్నదాన్ని గమనించడం, ఆలోచించడం చూస్తారట. తర్వాత అక్కడే కూర్చోబెట్టి చేతులతో ఏదైనా చేయిస్తారు, మనం గీసినవి చూస్తారు, మాట్లాడతారు. అది కాకపోయినా మట్టితో అసలు కారంత పెద్ద నమూనాలు చేసే పని నేర్పే చిన్న కోర్సులున్నాయని, స్టూడియోల్లోకి అలా వెళ్లినవాళ్లూ ఉన్నారని చెప్పింది. చివర్లో, "మెకానికల్ చదివినవాళ్లు మాకు ఏటా వస్తారమ్మా," అంది.

ఫోన్ పెట్టేసి రెక్సిన్ చుట్టల మీద కూలబడ్డాను. నవ్వు ఆగలేదు. ఆ వీడియో చూసినప్పటినుంచీ ఛాతీ మీద కూర్చున్న బరువు ఒక్క ఫోన్ కాల్‌తో దిగిపోయింది. పిన్ని కూడా నవ్వింది, ఎప్పుడో గానీ నవ్వని మనిషి.

"దీనికా ఏడిసేవు? పద, మీ నాన్నకి సెప్పుదుగాని."

నాన్న మిరపకాయల బస్తా నోరు కట్టిస్తున్నాడు. పిన్ని వాకిట్లోనే నిలబడి, "షావుకారుగారూ, అమ్మి ఏటో సెప్తాదట," అని నన్ను ముందుకు తోసింది. తడబడుతూ చెప్పాను. నాన్న అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఇప్పుడీ డిగ్రీ మజ్జిలో ఒగ్గెత్తావా?"

"లేదు నాన్నా. పూర్తి చేసే వెళ్తాను."

"మరి ఆ మొహమేటి అలగుంది?"

నాన్నకు కోపం వస్తుందని ఎందుకనుకున్నానో ఇప్పటికీ తెలియదు. అది కూడా నేను అడగకుండా అనుకున్నదే.

డిగ్రీ అయిన మొదటి ఏడాది నాకు పీజీలో సీటు రాలేదు. ఎందుకు రాలేదో అడగమని పిన్ని అంటే కాలేజీకి రాశాను. జవాబు రాలేదు. అడిగితే చాలు అన్నీ తెలుస్తాయని పిన్ని ఎప్పుడూ అనలేదు గానీ, ఆ రోజు ఆమె కూడా కొంచెం చిన్నబోయింది. తర్వాతి సంవత్సరమంతా ఆమె షెడ్డులోనే గడిపాను. వచ్చిన ప్రతి బండిలోకి మనుషులు ఎలా ఎక్కుతారో గీశాను. కూరల గంపతో ఎక్కేవాళ్లు, పసిబిడ్డతో ఎక్కేవాళ్లు, ఒక కాలు ఈడ్చుకుంటూ ఎక్కే ముసలాయన. రెండోసారి ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దలు నా కత్తిముక్కు కార్లను గబగబా తిప్పేసి, కుడివైపు వాలిన జీపు డ్రైవర్ బొమ్మ దగ్గర ఆగారు. ఇతనెవరని అడిగారు. ఇరవై నిమిషాలు అతని గురించే మాట్లాడాను. సీటు వచ్చింది.

నేను పనిచేసిన మొదటి కారు బజారులోకి వచ్చేసరికి పిన్ని మిషన్ అమ్మేసి ఊళ్లోనే కూతురి దగ్గర ఉంటోంది. సెలవు మీద వెళ్లినప్పుడు రాయగడలో అదే కారు అద్దెకు దొరికింది. ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టాను. బాగుందనలేదు. ముందు కుట్ల మీద బొటనవేలితో రాసింది. తర్వాత వంగి సీటు అడుగున చెయ్యి పెట్టి తడిమింది.

"జిప్పుందే! ఇది ఇప్పొచ్చేటి?"

"ఇప్పొచ్చు పిన్నీ. కవరు చిరిగితే ఏ ఊళ్లోనైనా మళ్లీ కుట్టుకోవచ్చు. దానికోసం ఆఫీసులో చాలా పోట్లాడేను."

ఆమె ఆ జిప్పును ఒకసారి లాగి మళ్లీ మూసింది. తర్వాత డ్రైవర్‌తో, "బాబూ, కోరాపుట్ రోడ్డు మీద కొంచెం దూరం పోనీ," అంది.

జీవితమంతా సీట్లు కుట్టిన మనిషి, కారులో కూర్చుని ఊరికే తిరగడం అదే మొదటిసారట. ఊరు దాటి గాలి చల్లబడేసరికి నిద్రపోయింది. నేను వెనక సీట్లోంచి చూస్తున్నాను. పొట్టి మనిషి కావడంతో మెడకు ఆనాల్సిన దిండు ఆమె తల వెనకకు వచ్చింది. కింద ఖాళీలో మెడ పక్కకు ఒరిగిపోతోంది. చెయ్యి ముందుకు చాచి ఆ ఖాళీలో పెట్టాను. తిరిగి ఇల్లు చేరేదాకా తియ్యలేదు. ఇప్పుడు ఏ సీటు గీయడం మొదలుపెట్టినా కాగితం మీద మొదట గీసేది పిన్ని అంత ఎత్తున్న మనిషినే. నిద్రలో ఉన్న ఆమె తల బరువు ఎంతో నా అరచేతికి తెలుసు.