తౌడుకు కొన్న పిల్లలు

మా అమ్మ నన్ను ఏనాడూ "బిడ్డా" అని పిలవలేదు. ఎవరైనా "మీ పిల్లనా అక్కా?" అని అడిగితే, "నాదెక్కడిది? గా ఫోటో భాయి పిల్ల. ఊకె నా ఇంట్ల తిని తిరుగుతుంది" అనేది. చిన్నప్పుడు ఆ మాటకు ఏడ్చేదాన్ని. కాస్త ఎదిగాక పోట్లాడేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎంత అరిచినా, అలిగి అన్నం మానేసినా ఆమె నోట ఆ ఒక్క మాట రాలేదు.

కారణం మా ఊరు ఎల్లారెడ్డిలో అందరికీ తెలిసిందే. నాకంటే ముందు పుట్టినవాళ్లలో ఒక్కరూ దక్కలేదు. అలాంటి ఇళ్లకు మా వైపు ఒక పద్ధతి ఉంది. పుట్టిన పిల్లను చాటలో వేసి పెంటకుప్ప మీద పెడతారు. ఆ ఇంటి నూలుపోగు కూడా పిల్ల ఒంటి మీద ఉండకూడదు. "ఈ పిల్ల నాది కాదు, పెంటల దొరికింది, కొంటవా?" అని తల్లే అడగాలి. కొనేవాళ్లు "కొంట" అని పిడికెడు తౌడు ఆమె కొంగులో పోసి, పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి, కొత్తగుడ్డ చుట్టి, "మా పిల్లను జర సాకు" అని మళ్లీ ఆమె చేతికే ఇవ్వాలి. అమ్మేసిన పిల్ల కనక చావు వెతుక్కుంటూ వచ్చినా ఆ ఇంట్లో దొరకదు. ఇక తల్లి జన్మలో "నా పిల్ల" అనకూడదు. అన్నదంటే అమ్మకం చెడిపోయినట్టే.

నన్ను కొన్నది ఊళ్లో ఫోటో స్టూడియో పెట్టుకున్న ముస్లిం పెద్దాయన. ఊరికి ఫోటో భాయి, నాకు చిచ్చా, అంటే బాబాయి. ఆయన చేతిలో పడిన పిల్లలు బతుకుతారని పేరు వచ్చింది. డెబ్భైలలో, ఎనభైలలో ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో పిల్లలు పోయిన తల్లులు బస్సెక్కి, చంకన చాట పెట్టుకుని మరీ వచ్చేవాళ్లు. కొన్న ప్రతి పిల్లకూ గుడ్డ చుట్టే ముందు ఒక ఫోటో తీసేవాడు. ఎందుకు చిచ్చా అంటే, "మౌత్ వచ్చి అడిగితే సబూతు చూపియ్యాలె గదా బేటీ, నేను కొన్న అని" అని పకపకా నవ్వేవాడు. చావు వస్తే చూపించే రుజువన్నమాట. ఆ ఫోటోలు తల్లులు తీసుకునేవాళ్లు కాదు. దిష్టి భయం ఒకటి, పిల్లే ఆయనదైనప్పుడు ఫోటో మాత్రం తమదెలా అవుతుందన్నది ఇంకొకటి. అన్నీ ఒక రేకు డబ్బాలో ఉండేవి. నేను స్టూడియో ముందు నుంచి ఎప్పుడు వెళ్లినా పిలిచి, నెత్తి మీద చెయ్యి పెట్టి గానీ పంపేవాడు కాదు.

తొంభైలలో నేను కామారెడ్డిలో ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా చేరాను. ఒకరోజు పొద్దున్నే చిచ్చా భార్య ఆఫీసుకు వచ్చింది. "మీ చిచ్చాను పోలీసోళ్లు పట్కపోయిండ్రు" అంది. ఎందుకని అడిగితే చెప్పలేక కొంగు నోట్లో కుక్కుకుంది. మా సీనియర్ స్టేషన్‌కు వెళ్లి కాగితాలు తెచ్చారు. చదివి, కళ్లజోడు తీసి, "నువ్వు జర బయట కూసోరాదమ్మా" అన్నారు.

"నేను చదివింది లా సార్, అల్లికలు కాదు" అన్నాను.

అప్పుడు చెప్పారు. చిన్నపిల్లల అసభ్యమైన ఫోటోలు అమ్మకానికి పెట్టుకున్నాడని కేసు.

నాకు ముందు ఆ మాటే అర్థం కాలేదు. "చిన్నపిల్లలయా? గసుంటియి కొనేటోళ్లు గూడ ఉంటరా సార్?"

ఆయన నా వైపు చూడకుండా అన్నారు: "ఉంటరమ్మా. గందుకే చట్టమున్నది."

చేతిలో చాయ్ చేతిలోనే చల్లారింది. లా చదివాను, హత్య కేసులు చదివాను, ఇలాంటిది భూమ్మీద ఉంటుందని నా మనసుకు ఎప్పుడూ తట్టలేదు. ఎస్సైని ఆ రోజు నోటికొచ్చినట్టు తిట్టాను గానీ, ఆయన ఊరికే రాలేదు. నిజంగానే అలాంటి ఫోటోలతో ఒకడు బస్టాండులో దొరికాడు. ఫిల్ములు ఎల్లారెడ్డి దిక్కు ఒక స్టూడియోలో కడిగిస్తానని చెప్పాడట. ఎస్సై స్టూడియోలన్నీ సోదా చేశాడు. వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చినవాడికి రేకు డబ్బా నిండా పరాయివాళ్ల పసిపిల్లలు, ఒంటి మీద గుడ్డ లేకుండా కనిపిస్తే ఏమనుకుంటాడు? నేనైనా అదే అనుకునేదాన్ని.

అంతటితో ఆగినా బాగుండేది. ఫోటోల్లో ఒక పిల్ల తల్లిని వెతికి పట్టుకుని అడిగారు, ఈ పిల్ల నీదేనా అని. "నాది కాదు సారూ, ఫోటో భాయిది" అందామె. ఆయనకెట్లా వచ్చిందంటే, "నేనే అమ్మిన" అంది. పాపం, నిజమే చెప్పింది. ఊళ్లో ఎవరు అడిగినా అదే చెప్పేది. అదంతా వాంగ్మూలంలో అక్షరం పొల్లుపోకుండా ఎక్కింది. ఎంతకు అమ్మావని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే పిడికెడు తౌడుకని చెప్పేది. దాంతో పిల్లల్ని కొన్న నేరం కూడా చేరింది. జమానత్, అదే బెయిలు, దొరకలేదు.

జైల్లో చిచ్చాను చూడడానికి వెళ్లాను. "నా మీద ఏం రాసిండ్రో చదువు బేటీ" అన్నాడు. చదివాను. అర్థం కాక మళ్లీ చదవమన్నాడు. రెండోసారి అర్థమైంది. "తౌబా, తౌబా" అంటూ రెండు చెంపలూ వాయించుకున్నాడు. ఆ తర్వాత చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. వచ్చేటప్పుడు అలవాటు కొద్దీ ఊచల దగ్గర తల వంచాను. ఆయన చెయ్యి పైకి లేవలేదు.

"ఒక్క తల్లి వచ్చి పిల్ల నాదే, అమ్ముడనేది ఉత్త ఆచారమని చెప్తే చాలు, కేసు కూలిపోతది" అన్నారు సీనియర్. అదెంత పని అనుకున్నాను. బస్సులు పట్టుకుని ఊళ్లు తిరిగాను. ఒక్కరూ రామన్నారు. కామారెడ్డి పక్క రాజంపేట దగ్గర ఒకావిడ నేను మాట్లాడుతుంటే తన పిల్ల చెవులు రెండు చేతులతో మూసింది.

"కోర్టుల నిలవడి నా పిల్ల అనమంటవా? అన్నంక గిది సస్తే నీ కోర్టు తెచ్చిస్తదా?"

"గా పిల్ల బతికింది ఆయన చేతిలవడే గదా! ఆయన జైలుల సస్తే మంచిగుంటదా నీకు?" అని అరిచాను.

ఆవిడ ఏడ్చింది. ఎంత ఏడ్చినా రానంటే రానంది. ఆయన్ని దేవుడిలా చూసిన మనుషులే, ఆయన కోసం ఒక్క మాట నోటి నుంచి రాల్చలేకపోయారు. అలాగని వాళ్లను తిట్టడానికీ నోరు రాలేదు.

అప్పుడు నాకు నా ఫోటో గుర్తొచ్చింది. ఆ డబ్బాలో నేనూ ఉన్నాను! అదే కేసులో వకీలుగా ఉండి సాక్ష్యం చెప్పకూడదు కనక వకాలతు వదులుకున్నాను. ఇంట్లో అమ్మ అడ్డం పడింది.

"పోకు. నువ్వు చెప్తే నన్ను గూడ అడుగుతరు."

"నువ్వేం అనకు. అనేది నేను గదా!" అని తలుపు దబాలున వేసి వెళ్లాను.

నల్లకోటు లేకుండా బోనెక్కాను. నా ఫోటో మెజిస్ట్రేటు చేతికి, అక్కడి నుంచి ప్రభుత్వ వకీలు చేతికి వెళ్లింది. రోజూ నాతో చాయ్ తాగే మగవాళ్లంతా మెడలు చాచి చూశారు. చెవులు కాలిపోయాయి. అయినా గట్టిగానే చెప్పాను: "ఇందులో ఉన్నది నేను. మా అమ్మ నన్ను ఈయనకే తౌడుకు అమ్మింది. అది మా వైపు ఆచారం."

ప్రభుత్వ వకీలు ఫోటో పైకెత్తాడు. "ఇది నువ్వేనని నీకెట్లా తెలుసమ్మా? ఆ రోజు నీకు యాదికున్నదా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఏముంటుంది యాదికి? పుట్టిన పిల్లకు ఏం తెలుస్తుంది? లా చదివిన మొహానికి ఆ చిన్న సంగతి తట్టనే లేదు. చిచ్చా నేల చూస్తున్నాడు. ఇక అంతా అయిపోయిందనుకున్నాను.

"అది నా బిడ్డ సారూ."

తల తిప్పాను. తలుపు దగ్గర అమ్మ. నా వెనకే వచ్చిందట, నాకు తెలియదు. మెజిస్ట్రేటు ఆమెను బోనెక్కించి ప్రమాణం చేయించారు. అమ్మ బోను కర్రను రెండు చేతులా పట్టుకుని చెప్పింది.

"నా బిడ్డ. నా కడుపుల వుట్టింది. ముంగట వుట్టినోళ్లందరు వోయిండ్రని నేనే చాటల వెట్టుకొని వోయిన. పిడికెడు తౌడు వోసిండు. నెత్తి మీద చెయ్యి వెట్టి మళ్ల నాకే ఇచ్చిండు. ఆయన తప్పేం లేదు సారూ. ఇది నా బిడ్డ."

పుట్టినప్పటి నుంచీ నేను దేబిరించిన మాట! రెండుసార్లు, మూడుసార్లు, కోర్టు నిండా జనం ముందు. సంతోషం వేయలేదు. అమ్మ నా ముఖం చూస్తున్న తీరుకు నాకే భయం వేసింది. అప్పటికప్పుడే నేను కూలిపోతానేమోనన్నట్టు చూసింది.

తర్వాతి పేషీలకు ఇంకొందరు తల్లులు వచ్చారు. అన్నాళ్లూ అమ్మ నాకు రోజూ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. నేను తుమ్మితే లేచి కూర్చునేది. "ఇంకా సస్తలేనే" అని ఎగతాళి చేస్తే చేత్తో నా నోరు మూసేది. అసలు ఫోటోలు కడిగినవాడు ఇంకెక్కడో దొరికాడని విన్నాం. ఆ ఫోటోల్లోని పిల్లలెవరో, ఏమయ్యారో మాకెవరూ చెప్పలేదు.

చిచ్చా నిర్దోషి అని తీర్పు వచ్చిన రోజు, కోర్టు వాకిట్లో అమ్మ ఆయనకు ఎదురెళ్లింది. చేతి రుమాలు విప్పింది. అందులో తౌడు ఉంది.

"భాయీ, పిల్ల నాదంటి గదా. మళ్ల కొను."

కోర్టు బంట్రోతులు, వకీళ్లు చూస్తున్నారు. నేను మళ్లీ నల్లకోటులో ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయినా కదలలేదు. చిచ్చా తౌడు తీసుకుని అమ్మ కొంగులో పోశాడు.

"కొంటివా?"

"కొన్న అక్కా."

"మరి నెత్తి మీద చెయ్యి వెట్టు."

నేను తల వంచాను. ఆయన చెయ్యి సగం దాకా లేచింది. చుట్టూ చూశాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దక్కా. గీ చేతులు ఇగ ఎవరి పిల్లలను ముట్టయి."

"చిచ్చా, నేనేమన్న చిన్నపిల్లనా! వెట్టు" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, భార్య వెంట బస్టాండు వైపు వెళ్లిపోయాడు. నేను తల వంచే ఉన్నాను.

అమ్మ కాసేపు అటే చూసింది. తర్వాత కొంగు దులిపింది. తౌడంతా వాకిట్లో రాలింది.

"పా బిడ్డా, ఇంటికి పోదాం" అంది.