హనుమంతప్ప పేరుతో తూకం వేసినాయన

మా కాటాయన చనిపోయి నెల దాటింది. ఆదోని బయట ఒక జిన్నింగు మిల్లులో, పత్తి బండ్లను తూచే కాటా గదిలో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు వాలిపోయాడు. మధ్యాహ్నం పన్నెండున్నర. బయట ఎండ మండుతోంది, లోపల మిషన్లు తిరుగుతున్నాయి. నేను అదే మిల్లులో పత్తిలో చెత్త ఏరే పని చేసేదాన్ని. మిల్లు పేరు రాయను. ఆయన పేరు కూడా ఇక్కడ రాయను. దానికి నా కారణం నాకుంది.

ఇలాంటి రాతల్లో పోయినవాళ్లను దేవుళ్లను చేస్తారు. ఆయన దేవుడేమీ కాదు. పత్తి మిల్లులో బీడీ ముట్టించకూడదని అందరికీ చెప్పి, తాను మాత్రం ప్రహరీ అవతలికి పోయి రెండు పీల్చి వచ్చేవాడు. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. ఇంటి దగ్గర ఆయన భార్య మగ్గాలకు కండెలు చుడుతుంది. పిల్లలు లేరు. ఆయనకున్న పనితనమంతా ఒక పాత కంప్యూటరు మీదే.

ఆ కంప్యూటరు వయసులో నాకంటే పెద్దది. మౌసు లేదు. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. కీబోర్డు మీద అక్షరాలన్నీ అరిగిపోయి మీటలు తెల్లటి పళ్లలా మిగిలాయి. పొద్దున రాగానే ఆయన పెయింటు బ్రష్షుతో దాని ఫ్యాన్‌కు పట్టిన పత్తి నూగు దులిపేవాడు. స్విచ్చి వేస్తే అది లోపల మూలిగేది. ఆ మూలుగు ఆగేదాకా దాని నెత్తిన అరచెయ్యి పెట్టి నిలబడేవాడు, జ్వరం చూస్తున్నట్టు.

తర్వాత అది తేదీ అడిగేది. దాని గడియారం బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, రోజూ ఎవరో ఒకరు తేదీ చెప్పాలి. అయితే రెండు వేల సంవత్సరం తర్వాత కూడా ప్రపంచం ఉంటుందని ఆ ప్రోగ్రాం రాసినవాడు అనుకోలేదు. ఇప్పటి సంవత్సరం కొడితే బిగుసుకుపోతుంది. అందుకని మా కాటాయన సరిగ్గా ఇరవై ఎనిమిదేళ్లు వెనక్కి కొట్టేవాడు. ఇరవై ఎనిమిదేళ్ల కిందటి క్యాలెండరులో తేదీలూ వారాలూ ఇప్పటివాటితో అచ్చంగా కలుస్తాయి. పాత క్యాలెండర్లు నేలమీద పరిచి ఆయనే కనిపెట్టాడు. చీటీ మీద పాత సంవత్సరం అచ్చవుతుంది. దాన్ని నీలం పెన్నుతో కొట్టేసి, పైన ఇప్పటి సంవత్సరం రాసి ఇచ్చేవాడు. ప్రతి చీటీకీ అంతే.

నా చదువు పదో తరగతితో ఆగింది. కంప్యూటరు నేను ఫోన్లో చూసి నేర్చుకున్నాను. అందుకే మొదటిసారి ఆ గదిలోకి పోయింది ఆయన్ని ఎగతాళి చేయడానికే.

"ఏమన్నా, ఈ డబ్బాను పాత ఇనుపోళ్లకు ఏసేయక ఇంగా దీన్తోనే తోసుకొస్తాండావే?"

"నువ్వు పుట్టకముందు నుంచి తూకం ఏస్తాంది పాపా ఇది. నీ ఫోను కొని ఎన్నాళ్లయింది?"

"రెండేండ్లు."

"అద్దం అప్పుడే పగిలిందే."

నేను ఫోను బోర్లించాను. ఆయన నవ్వలేదు. పక్కనున్న స్టూలు కాలితో నా వైపు జరిపాడు. అప్పట్నుంచి పొద్దున బెల్లు కొట్టేలోపు ఓ పావుగంట నేను ఆ స్టూలు మీదే.

ఒకరోజు, మిల్లు గేటు ఇంకా తెరవలేదు, "ఈ పొద్దు లిస్టు తియ్యన్నా, ఎట్లుంటాదో సూస్తా" అన్నాను. ఖాళీ లిస్టు వస్తుందనుకున్నా. ప్రింటరు గరగరమని మొదలుపెట్టి ఆగలేదు. పద్నాలుగు బండ్లు. పేర్లు, ఊర్లు, బరువులు, టైములు. అన్నిటికీ ఆ రోజు తేదీయే, ఆ రోజు వారమే.

"అన్నా, గేటు తీయనే లేదు గదా. ఎవరన్నా వీళ్లంతా?"

"వాళ్లు మనకంటే ముందొస్తారు పాపా."

నేను స్టూలు వెనక్కి జరుపుకున్నాను. ఆయన అప్పుడు కాగితం చింపి నిదానంగా చెప్పాడు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఇదే తేదీన నిజంగా వచ్చిన బండ్లవి. అవన్నీ దాని కడుపులో ఉన్నాయి. మనం ఆ తేదీ కొట్టగానే అది ఆ రోజుకు పోయి కూర్చుంటుంది. ఇవాళ వచ్చే బండ్లు పదిహేనో నంబరు నుంచి, వాళ్ల వెనకాల వరసలో నిలబడతాయి.

"తీసేయొచ్చు గదన్నా పాతవి."

"ఏంటికి? వచ్చి తూకం ఏయించుకోని పోయినోళ్లు. మనల్నేమంటాండారు?"

ఆయన ప్రతి పొద్దూ ఆ పేర్లు ఒకసారి పైకి చదివేవాడు. కైరుప్పల తిమ్మప్ప. కృష్ణగిరి నాగన్న. పూజలా కాదు, హాజరు పట్టీలా. వాళ్లలో సగం మంది బతికి లేరని ఆయనకు తెలుసు. మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు కూడా ఆ గది నాకు కిక్కిరిసినట్టు ఉండేది. చెప్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఒక శుక్రవారం ఆయన నన్ను పనిలోంచి పిలిపించాడు. చేతిలో చింపిన కాగితం.

"మీ తాత పేరు మాదన్న గదూ? నందవరం?"

"ఆ. నేను పుట్టకముందే పోయినాడు."

"ఈ పొద్దు వచ్చిపోయినాడు సూడు."

తొమ్మిది గంటల పది నిమిషాలు. ఎద్దుల బండి. పత్తితో ఒక బరువు, పత్తి దించినాక ఇంకో బరువు. మా ఇంట్లో తాత ఫోటో ఒక్కటి కూడా లేదు. ఉన్నది ఈ రెండు అంకెలే.

"ఖాళీ బండి పదకొండు వందల డెబ్బై కిలోలంట, అంత బరువా అన్నా?"

"ఎద్దులు రెండూ ఉన్నాయి గదా. ఇంగ మనిషి. రైతు బండి దిగకుండా ఉంటే రెండు తూకాలకూ సరిపోతాదని ఎవరూ దిగేటోళ్లు కాదు. ఖాళీ అంటే అందులో మీ తాత ఉన్నాడు పాపా."

ఆ కాగితం నా దగ్గరుంది. పదకొండు వందల డెబ్బైలో మా తాత ఎంతో ఎవరూ చెప్పలేరు. ఉన్నాడు, అంతే. ఇంత మంచి వస్తువు నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

ఇక హనుమంతప్ప సంగతి. ప్రతి చీటీ అడుగునా 'తూకం వేసినవారు: హనుమంతప్ప' అని అచ్చవుతుంది. హనుమంతప్ప ఆ కాటా మీద మొదటి మనిషి. ఆయన పేరు ప్రోగ్రాంలోనే రాసేశారు. ఆ రాసినవాడి జాడ తర్వాత ఎవరికీ దొరకలేదు. దాంతో హనుమంతప్ప పోయినా పేరు పోలేదు. చీటీ చూసిన రైతులు మా కాటాయన్నే "ఓ హనుమంతప్పా" అని పిలిచేవాళ్లు. ఆయన పలికేవాడు. ఒకసారి నేను కోప్పడ్డాను.

"నీ పేరు చెప్పొచ్చు గదన్నా వాళ్లకు! చచ్చినోని పేరుకు పలుకుతావేంది?"

"తూకం సరిగా ఉందా లేదా? పేరుదేముంది పాపా."

పేరుదే ఉందన్నా. అంతా పేరుదే ఉంది. అప్పుడు నీతో ఇంకా గట్టిగా కొట్లాడాల్సింది.

పోయిన ఏడాది ఒకరోజు లిస్టులో నాలుగు బండ్లే వచ్చాయి. ఆయన ఆ రోజు బీడీకి కూడా పోలేదు. అడిగితే వేలితో చూపించాడు. "ఈ మూడూ హనుమంతప్ప ఏసినాడు. నాలుగోది నేను. నేనప్పుడు హమాలీని. ఆయన కుర్చీలోనే పోతే ఈన్నే, ఈ గోడకాడ పండబెట్టినారు. బండి నిలబడుకోనుందని నన్ను కుర్చీలో కూసోబెట్టినారు." ఆయన చూపించిన గోడ దగ్గరే నా స్టూలు ఉంది. నేను లేచి నిలబడ్డాను. "కూసో పాపా, ఏం గాదు" అన్నాడు.

ఇప్పుడు ఆయన పోయిన రోజు.

తూకం రెండుసార్లు ఉంటుంది. నిండు బండిని ఒకసారి తూస్తారు. అది లోపలికి పోయి పత్తి దించి వచ్చాక ఖాళీ బండిని ఇంకోసారి. రెండూ అయితేనే చీటీ. ఆ రోజు నందవరం ట్రాక్టరు ఒకటి నిండుగా వచ్చింది. మొదటి తూకం వేశాడు. ట్రాక్టరు పత్తి దించి తిరిగి వచ్చేసరికి ఆయన వాలిపోయి ఉన్నాడు. డ్రైవరు అరిచాడు. నేను పరిగెత్తాను. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. గోడ దగ్గర పడుకోబెట్టారు. అవును, అదే గోడ. ఆటో వచ్చేలోపు మేనేజరు కిటికీలోంచి బయట నిలబడ్డ బండ్ల వరస చూసి నా వైపు తిరిగాడు.

"ఏమ్మే, ఆయప్ప పక్కన కూసునేది నువ్వే గదా. నీకొస్తాది గదా ఇది. కొట్టు."

నేను కూర్చోలేదు. మొత్తం కాటా ఆపేసి ఆటో ఎక్కాను. ఆస్పత్రిలో చూసి, దారిలోనే పోయాడన్నారు.

పనిలో చనిపోయాడని మిల్లు ఒప్పుకుంటే ఆయన భార్యకు పింఛను వస్తుంది. మిల్లు ఒప్పుకోలేదు. అసలు ఆయనెవరో తమకు తెలియదంది. మేనేజరు ఆమె ముందు చీటీల కట్ట పెట్టాడు.

"సూడమ్మా, ఇందులో యాడన్నా మీ ఆయన పేరుందా? అన్నీ హనుమంతప్పవి. హనుమంతప్ప పోయి ముప్పై ఏండ్లు కావొస్తాంది. మీ ఆయన ఊరికే మాట్లాడేకి వచ్చిపోయేటోడేమో."

పెన్నుతో కొట్టేసిన ఏళ్లు ఆమె చూపించింది. ఆ రాత ఆయనదే. "పెన్నుతో ఎవరన్నా రాస్తారు" అన్నాడు. ముప్పై మందిమి పనిచేసేవాళ్లం అక్కడ. అందరూ నేల చూశారు. ఇరవై ఎనిమిదేళ్లకు పైన రోజూ ఒక చచ్చిన మనిషి పేరుతో, అందులో చాలాకాలం గడిచిపోయిన సంవత్సరాల్లో పనిచేసిన మనిషి కాగితం మీద లేడు. ఎంత సులువు చూడండి. అబద్ధం కూడా ఆడక్కర్లేదు, ఆ మిషను అచ్చేసిందే చూపిస్తే చాలు.

దహనం అయ్యాక నేను పనికి పోయాను. కాటా మొదలుపెట్టడం ఇంకెవరికీ రాదు. స్విచ్చి వేశాను, అది మూలిగింది, ఇరవై ఎనిమిదేళ్లు వెనక్కి కొట్టాను. తెర మీద నేనెప్పుడూ చూడని వరస ఒకటి వచ్చింది.

'రెండో తూకం రావలసినవి: 1.'

ఆ ట్రాక్టరే. మొదటి తూకం ఉంది, పన్నెండు గంటల ఇరవై రెండు నిమిషాలు. రెండో తూకం దగ్గర ఖాళీ. ఆ ఖాళీలో పచ్చటి గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. ఆయన పూర్తి చేయని బండి కోసం అది ఇంకా చూస్తోంది. మర్నాడు పొద్దున కూడా అదే. ఆ మర్నాడూ అదే.

మేనేజరు చూశాడు. "అదేంది? తీసెయ్ దాన్ని."

"తీయను."

"డిలీట్ కొట్టడానికి ఏమి నొప్పి నీకు?"

"నీకేంటికి అంత తొందర?"

ఆ సాయంత్రమే నా పని పోయింది. పోతే పోయింది. నేను బయటికి రాకముందే ఆ తెరను ఫోటో తీశాను, లిస్టు ప్రింటు తీశాను. నేరుగా ఎమ్మిగనూరు బస్సెక్కి, ఆమెను వెంటబెట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకు పోయాను. ఆఫీసరు కాగితం చూసి నిట్టూర్చాడు.

"ఇది ఇరవై ఎనిమిదేళ్ల కిందటి తేదీ కదమ్మా."

"సార్, బండి నంబరు సూడండి. ఈ నంబరు వరస వచ్చి పదేండ్లు కూడా కాలేదు. ఆ తేదీకి ఈ ట్రాక్టరు పుట్టనే లేదు. పుట్టని బండిని హనుమంతప్ప ఎట్ల తూచినాడు సార్?"

ఆయన కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఆ గీతను ఎవరూ ముట్టుకోవద్దని మిల్లుకు రాసి పంపి, పోయిన సోమవారం తానే వచ్చాడు. నందవరం డ్రైవరు ట్రాక్టరుతో వచ్చాడు, పిలవగానే; ఆ రోజు మొదటి తూకం వేసింది మా కాటాయనే అని చెప్పాడు. ముప్పై మందిలో లేని ధైర్యం ఆయనలో ఉంది. మిషను నేనే మొదలుపెట్టాను. ఖాళీ ట్రాక్టరు కాటా ఎక్కింది. తెర మీద బరువు గిరగిరా తిరిగి ఒకచోట నిలిచింది. ఇంక ఒక్క మీట నొక్కితే ఆ తూకం పూర్తవుతుంది, చీటీ వస్తుంది, అడుగున హనుమంతప్ప పేరుతో.

"నొక్కొద్దు పాపా" అంది ఆమె. "నొక్కితే మళ్లా ఆ హనుమంతప్ప పేరే వస్తాది గదా."

ఆఫీసరు పెన్ను తీశాడు. "సరే. నేను చేత్తో రాసుకుంటా. ఆ రోజు తూకం వేసిన మనిషి పేరు చెప్పమ్మా."

మావైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. ఆమె ముప్పై ఐదేళ్ల కాపురంలో ఎప్పుడూ పలకలేదు. రేషను కార్డు దగ్గర కూడా పక్కవాళ్ల చేత చెప్పించింది. నేను చెప్పబోయాను. ఆమె చేత్తో ఆపింది. పెదాలు కదిలాయి. ట్రాక్టరు మోతలో ఏమీ వినపడలేదు.

"ఇంకోసారి చెప్పమ్మా."

డ్రైవరు కిటికీలోంచి ఇదంతా చూస్తున్నాడు. చెయ్యి చాచి ఇంజను ఆపేశాడు. మిషను ఫ్యాను మోత కూడా ఆ క్షణం ఆగినట్టనిపించింది. ఆమె తెర వైపు తిరిగి, ఆ పచ్చటి గీతకే చెప్తున్నట్టు, ఆయన పేరు పైకి పలికింది.